వంటింటి కత్తి ఎంపిక: ధర కంటే పదును నిలవడమే ముఖ్యం

కూరగాయలు తరగడానికి తెలుగు ఇళ్లలో తరతరాలుగా కత్తిపీటే ఆధారంగా ఉండేది. నేలపై కూర్చుని, పీటను కాలితో అదిమిపట్టి, రెండు చేతులతో కాయను వాదర మీదికి నడిపించే ఆ పద్ధతిలో కత్తి కదలదు, కాయే కదులుతుంది. బెంగాల్‌లో బొటీ, మహారాష్ట్రలో విళీ, తమిళనాట అరువామనై అని పిలిచే సాధనాల తీరూ ఇదే. గట్టు ముందు నిలబడి వండే వంటగదులు వచ్చాక ఈ క్రమం తారుమారైంది. కాయ పలకపై నిలిచి ఉంటే, కత్తి చేతిలో కదలసాగింది. దాంతో కత్తి పొడవు, బరువు, పిడి, ఉక్కు రకం వంటి అంశాలకు మునుపు లేని ప్రాధాన్యం ఏర్పడింది. మేడపైనో పెరట్లోనో బొగ్గుల నిప్పుపై మాంసం, చేపలు కాల్చుకునే బార్బెక్యూ విందులు ఈ అవసరాన్ని మరింత విస్తరింపజేశాయి.

చెక్క దిమ్మెలో అమర్చిన పది, పదిహేను కత్తుల సెట్లు దుకాణాల్లో ఆకర్షణీయంగా కనిపిస్తాయి. వాటిలో నిత్యం చేతికి వచ్చేవి రెండు మూడే. చెల్లించే సొమ్ము అన్నింటి మీదా పంచుకుపోవడం వల్ల ఒక్కొక్క కత్తికి దక్కే నాణ్యత తగ్గుతుంది. నాసిరకం ఉక్కు త్వరగా మొద్దుబారుతుంది. మొద్దుబారిన కత్తి పదునైన దానికంటే ప్రమాదకరం. టమాటా తొక్కనో ఉల్లిపాయ పొరనో తెంచడానికి అధిక బలం వేయవలసి వస్తుంది. ఆ బలంతో వాదర జారితే తెగేది వేలే. అందువల్ల కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ కత్తి ఏ పనికి? దీని పదును ఎంతకాలం నిలుస్తుంది? పోయిన పదునును ఇంట్లోనే తిరిగి తెచ్చుకోగలమా?

మూడు కత్తులు చాలు

ఇంటి వంటకు ప్రధానమైనది షెఫ్ కత్తి. 8 అంగుళాల, అంటే సుమారు 20 సెంటీమీటర్ల అలుగు ఉన్న కత్తి ఉల్లిపాయలు, క్యాబేజీ, ఆకుకూరలు మొదలుకొని ఎముక లేని మాంసం వరకు చాలా పనులకు సరిపోతుంది. చిన్న చేతులున్నవారికి, ఇరుకైన గట్టుపై పనిచేసేవారికి 6 లేదా 7 అంగుళాలది అనువుగా ఉంటుంది. జర్మన్ సంప్రదాయపు షెఫ్ కత్తి వాదర మొన వైపు బాగా వంపు తిరిగి ఉంటుంది. మొనను పలకకు ఆనించి, ఊయలలా ఊపుతూ కొత్తిమీర, పుదీనా తరగడానికి ఇది వీలు కల్పిస్తుంది. జపాన్‌కు చెందిన సంతోకు కత్తి వాదర దాదాపు తిన్నగా ఉండి, పైనుంచి కిందికి నొక్కి కోయడానికి అనుకూలిస్తుంది. మాంసం, చేపలు, కూరగాయలు మూడింటికీ పనికివస్తుందన్న అర్థంలో దానికి ఆ పేరు స్థిరపడింది.

రెండవది 3 నుంచి 4 అంగుళాల చిన్న కత్తి. అల్లం చెక్కు తీయడం, మిరపకాయల గింజలు తొలగించడం, గుత్తివంకాయకు గాట్లు పెట్టడం వంటి సున్నితమైన పనులకు ఇది అవసరం. మూడవది ఇంటి అలవాట్లను బట్టి ఉంటుంది. రొట్టె, కేకు తరచుగా కోసే ఇంటికి రంపపు పళ్ల కత్తి, మాంసం శుభ్రం చేసుకునే ఇంటికి 6 అంగుళాల సన్నని బోనింగ్ కత్తి ఉపయోగపడతాయి.

ఈ మూడింటితో చేయకూడని పనులూ ఉన్నాయి. ఆవకాయకు మామిడికాయను టెంకతో సహా కొట్టడానికి, మటన్ ఎముకలు నరకడానికి, కొబ్బరికాయ పగలగొట్టడానికి సన్నని అలుగు పనికిరాదు. వాదర పెచ్చులుగా ఊడిపోతుంది. టెంకకు చెక్కపీటకు బిగించిన మామిడికాయల కత్తినే, ఎముకలకు మందమైన వెన్ను ఉన్న బరువైన నరుకుడు కత్తినే వాడాలి.

ఉక్కులోనే గుణం

కత్తి గుణం ఉక్కులోని కర్బనం, క్రోమియం పాళ్ల మీద, దాన్ని కాల్చి చల్లార్చిన తీరు మీద ఆధారపడి ఉంటుంది. కర్బనం గట్టిదనాన్ని ఇస్తే, క్రోమియం తుప్పును అడ్డుకుంటుంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్న ఉక్కును స్టెయిన్‌లెస్‌గా పరిగణిస్తారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో 1913లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన తుప్పుపట్టని ఉక్కును తొలినాళ్లలో వినియోగించిన వస్తువుల్లో భోజన బల్లపై వాడే కత్తులు ముఖ్యమైనవి.

స్టెయిన్‌లెస్ అన్న ముద్ర ఒక్కటే నాణ్యతకు హామీ ఇవ్వదు. గిన్నెలకు, పళ్లేలకు వాడే 304 రకం ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అది తుప్పును చక్కగా తట్టుకుంటుంది, కానీ కాల్చి చల్లార్చినంత మాత్రాన గట్టిపడదు. అందుచేత కత్తి వాదరకు అది తగదు. దీన్ని గుర్తించడానికి చిన్న అయస్కాంతం సాయపడుతుంది. ఉక్కు అలుగుకు అయస్కాంతం అతుక్కోకపోతే ఆ కత్తి పదును నిలుపుకోవడం కష్టమని భావించవచ్చు. అతుక్కున్న ప్రతి కత్తీ మేలైనదని మాత్రం దీని అర్థం కాదు.

ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ సి కొలమానంతో లెక్కిస్తారు. ఐరోపా కత్తులు సాధారణంగా 54 నుంచి 58 మధ్య ఉంటాయి. వాటిలో విరివిగా వాడే జర్మన్ ఉక్కులో సుమారు 0.5 శాతం కర్బనం, 15 శాతం క్రోమియం ఉంటాయి. జపాన్ కత్తులు చాలావరకు 60 లేదా అంతకంటే ఎక్కువ గట్టిదనంతో తయారవుతాయి. వాటిలో ప్రసిద్ధమైన వీజీ-10 ఉక్కులో కర్బనం దాదాపు 1 శాతం. గట్టి ఉక్కును మరింత సన్నగా పదును పెట్టవచ్చు, ఆ పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ గట్టిదనం పెరిగిన కొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది. ఇంట్లో పలువురు ఒకే కత్తిని వాడుతూ, చేతికందిన పనికల్లా దాన్నే ఉపయోగించే పక్షంలో 55 నుంచి 57 మధ్య గట్టిదనం ఉన్నదే క్షేమం.

కమ్మరులు లారీల కమాను పట్టీల నుంచి సాగగొట్టి చేసే కత్తులను తక్కువగా అంచనా వేయనక్కరలేదు. ఆ ఉక్కు దెబ్బకు ఓర్చుకుంటుంది, సానకు తేలికగా లొంగుతుంది. అయితే క్రోమియం చాలా తక్కువ కావడం వల్ల తడి తగిలితే తుప్పు పడుతుంది. నిమ్మ, చింతపండు, టమాటా పులుపు తగిలితే నల్లబడుతుంది. వాడిన వెంటనే కడిగి, తుడిచి, సన్నగా నూనె రాసి ఉంచే ఓపిక ఉన్నవారికి ఇవి తక్కువ ఖర్చుతో ఏళ్ల తరబడి పనిచేస్తాయి.

అలల గీతలు నాణ్యతకు రుజువు కావు

డమాస్కస్ పేరిట అమ్మే కత్తుల అలుగుపై అలల వంటి గీతలు కొనుగోలుదారులను ఇట్టే ఆకట్టుకుంటాయి. ఈ పేరు వెనుక దక్షిణ భారత చరిత్ర ఉంది. మూసలో కరిగించి తయారుచేసిన ఇక్కడి ఉక్కు పశ్చిమాసియాకు ఎగుమతై, అక్కడ ప్రసిద్ధ ఖడ్గాలుగా రూపుదిద్దుకుంది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం అటువంటి ఉక్కు తయారీకి పేరుగాంచిన కేంద్రం. పాశ్చాత్యులు దాన్ని ‘వూట్జ్’ అని వ్యవహరించారు. దక్షిణాది భాషల ‘ఉక్కు’ అన్న మాటే అలా మారిందని పండితులు భావిస్తారు.

నేటి వంటింటి కత్తులపై కనిపించే గీతలు ఆ పాత ఉక్కువి కావు. రెండు రకాల ఉక్కు రేకులను పొరలు పొరలుగా అతికించి, ఆమ్లంతో కడగడం వల్ల అవి ఏర్పడతాయి. చాలా కత్తుల్లో ఈ పొరలు పక్కలకే పరిమితం. కోసే పని చేసేది మధ్యలో ఉన్న ఉక్కు. కొన్ని చవక రకాల్లో గీతలను పైపైన లేజర్‌తో చెక్కుతారు. కాబట్టి పొరల సంఖ్య కంటే మధ్యలోని ఉక్కు పేరు, దాని గట్టిదనం అడిగి తెలుసుకోవడమే ప్రయోజనకరం.

నిప్పుపై వంటకు ఏ కత్తి?

బార్బెక్యూలో కత్తికి రెండు వేర్వేరు దశల్లో పని ఉంటుంది. కాల్చడానికి ముందు పచ్చి మాంసంపై కొవ్వు, పొరలు తొలగించాలి. దీనికి సన్నగా, కొద్దిగా వంపు తిరిగిన బోనింగ్ కత్తి అనువైనది. ఖబాబుకు ముక్కలన్నీ 3 నుంచి 4 సెంటీమీటర్ల సమాన పరిమాణంలో ఉంటేనే ఒకేసారి ఉడుకుతాయి. లేకుంటే చిన్నవి మాడిపోయి, పెద్దవి లోపల పచ్చిగా మిగులుతాయి. చందువ వంటి చేపను నిండుగా కాల్చేటప్పుడు మసాలా లోపలికి దిగేలా గాట్లు పెట్టడానికి చిన్న కత్తి సరిపోతుంది.

కాల్చిన తర్వాత పెద్ద ముక్కను పలుచగా కోయడానికి 10 నుంచి 12 అంగుళాల పొడవైన స్లైసింగ్ కత్తి కావాలి. అమెరికాలోని టెక్సాస్‌లో గంటల తరబడి పొగపై వండే బ్రిస్కెట్ మాంసాన్ని ఇటువంటి కత్తితోనే కోస్తారు. పొడవైన అలుగు ఒకే లాగులో ముక్కను తెంచుతుంది కనుక మాంసం చిట్లదు. అలుగు పక్కన వరుసగా ఉండే గుంటలు ముక్క అంటుకోకుండా కొంత తోడ్పడతాయి. మాంసంలోని పోగులు ఏ దిశలో ఉన్నాయో గమనించి, వాటికి అడ్డంగా కోయాలి. పోగులు పొట్టిగా తెగితే నమలడం తేలిక. పెద్ద ముక్కను నిప్పు మీంచి దించిన వెంటనే కోయకుండా 10 నుంచి 15 నిమిషాలు ఆగితే రసం ఎక్కువగా కారిపోదు.

పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి హానికర సూక్ష్మజీవులు ఉండవచ్చు. దాన్ని కోసిన కత్తిని, పలకను సబ్బుతో, వేడినీటితో కడగకుండా కాలిన మాంసానికీ, పచ్చి ఉల్లి చక్రాలకూ వాడకూడదు. ఆరుబయట నీటి వసతి దూరంగా ఉంటే రెండు కత్తులు, రెండు పలకలు వేర్వేరుగా సిద్ధం చేసుకోవడం ఉత్తమం. నిప్పుపై ముక్కలను కత్తి మొనతో తిప్పరాదు. తీవ్రమైన వేడికి వాదర తన గట్టిదనాన్ని కోల్పోతుంది. ఆ పనికి పట్టకారు ఉండనే ఉంది.

పిడి, పలక, సాన

మాంసం పనిలో చేతులు తడిగా, జిడ్డుగా ఉంటాయి. నున్నగా మెరిసే లోహపు పిడి కంటే గరుకుతనం ఉన్న ప్లాస్టిక్ లేదా బిగువుగా అమర్చిన కర్ర పిడి జారకుండా పట్టునిస్తుంది. పిడికీ అలుగుకూ మధ్య సందులు ఉంటే అక్కడ మురికి చేరుతుంది. అలుగు ఉక్కు పిడి చివరిదాకా కొనసాగితే కత్తి దృఢంగా ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలుతో అలుగు మొదలును పట్టుకుని చూసినప్పుడు బరువు ముందుకో వెనక్కో లాగకుండా ఉండాలి.

మంచి కత్తిని సైతం త్వరగా పాడుచేసేది గట్టే. గ్రానైట్, పాలరాయి, గాజు పలకలపై కోస్తే వాదర ముడుచుకుపోతుంది. మాంసం దుకాణాల్లో చింత మొద్దు వాడకం వెనుక ఉన్న కారణం ఇదే. గట్టి దెబ్బను తట్టుకుంటూనే కర్ర వాదరను కాపాడుతుంది. ఇంటికి కర్ర పలక లేదా మెత్తని ప్లాస్టిక్ పలక తగినది. దాని కింద తడి గుడ్డ పరిస్తే జారదు.

పదును పెట్టే స్టీలు కడ్డీ ఒంగిన వాదరను నిటారుగా సరిచేస్తుంది. అది కొత్త పదునును సృష్టించదు. అరిగిన వాదరకు సానరాయి తప్పనిసరి. సాధారణ అవసరానికి 1000 గరుకు సంఖ్య ఉన్న రాయి, పెచ్చులూడిన వాదరకు 400 లోపు రాయి వాడతారు. ఐరోపా కత్తిని ఒక్కో పక్కకు 15 నుంచి 20 డిగ్రీల కోణంలో, జపాన్ కత్తిని 10 నుంచి 15 డిగ్రీల కోణంలో రుద్దాలి. కత్తిని రాయిపై నిలువుగా నిలిపి, సగానికి వంచి, మళ్లీ సగానికి వంచితే సుమారు 22 డిగ్రీలు వస్తుంది. దానికంటే కొద్దిగా తగ్గిస్తే ఐరోపా కత్తికి సరిపోతుంది. వీధిలో వచ్చే సానవారికి ఇచ్చేటప్పుడు నీటితో తడుపుతూ పట్టమని కోరాలి. పొడి చక్రంపై వేడెక్కి వాదర నీలిరంగుకు మారితే అక్కడి ఉక్కు గట్టిదనం పోయినట్టే.

కడిగిన కత్తిని ఇతర పాత్రలతో కలిపి తొట్టిలో వదలరాదు. గోడకు బిగించిన అయస్కాంతపు పట్టీపైనో, తొడుగులోనో పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి. చేయి జారి పడుతున్న కత్తిని పట్టుకునే ప్రయత్నం చేయకుండా వెనక్కి తప్పుకోవాలి.

చట్టం, ప్రయాణం

ఆయుధాల చట్టం కింద రూపొందించిన నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల కత్తులను ఆయుధాల వర్గంలో చేర్చాయి. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చాయి. అందువల్ల పొడవైన స్లైసింగ్ కత్తి ఇంట్లో ఉండటం నేరం కాదు. అయినా బయటికి తీసుకెళ్లేటప్పుడు దాన్ని పెట్టెలో భద్రపరచడం మంచిది. విదేశాల నుంచి కత్తులు తెచ్చుకునేవారు వాటిని విమానంలో చేతిసంచిలో కాక, మొనకు తొడుగు వేసి, అప్పగించే సామానులోనే ఉంచాలి.

కొన్న కత్తి స్థితిని తెలుసుకోవడానికి పండిన టమాటా ఒకటి చాలు. వాదరను ఆనించి మెల్లగా లాగితే తొక్క నలగకుండా తెగాలి. నొక్కవలసి వచ్చిందంటే సానరాయి తీయవలసిన సమయం వచ్చిందని అర్థం. ఈ పరీక్షలో నెగ్గే రెండు కత్తులు, ఒక కర్ర పలక, ఒక సానరాయి ఉన్న వంటింటికి పదిహేను కత్తుల సెట్టుతో అవసరం ఉండదు.