అబ్రక్ పొర

నల్లకుంటలో మా అబ్బాజాన్‌కు కార్ల వైరింగ్ దుకాణం ఉండేది. "బేటా, వైరుకు పానీ కన్నా గర్మీ పెద్ద దుష్మన్" అనేవారు. సైలెన్సర్ పైపుకు దూరంగా వైరు తిప్పేవారు. జాగా లేకపోతే గాజునూలు స్లీవు తొడిగేవారు. అదీ చాలదనిపిస్తే పాత ఇస్త్రీపెట్టెలోంచి తీసిన అబ్రక్ రేకును అడ్డం కట్టేవారు.

ఒకసారి నేను జల్దీలో ఆ రేకు పెట్టకుండానే బానెట్ మూసేశాను. వారం తిరక్కముందే ఆ కారు పొగలు కక్కుకుంటూ వచ్చింది. తొడుగులు కరిగి రెండు వైర్లు అతుక్కుపోయాయి. అబ్బాజాన్ నన్నేమీ అనలేదు. కొత్త వైరు వేసి, గిరాకీ దగ్గర పైసా తీసుకోలేదు. ఆ ఖామోషీ నాకు బాగా తగిలింది.

ఆ రేకు తవారీఖ్ ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను. తొలి జమానా కార్లలో స్పార్క్ ప్లగ్గుకు పింగాణీ ఉండేది. రేసు ఇంజన్ వేడికి అది పగిలేది. పగిలితే కరెంటు దారి తప్పుతుంది, రేసు ఖతం. కెనెల్మ్ లీ గిన్నెస్ అనే రేసర్ అబ్రక్ పొరలతో ప్లగ్గులు చేసి, కేఎల్‌జీ అని తన పేరే పెట్టుకున్నాడు. 1922లో బ్రూక్‌లాండ్స్‌లో సన్‌బీమ్ కారును గంటకు 215 కిలోమీటర్ల రఫ్తార్‌లో నడిపి ప్రపంచ రికార్డు కొట్టాడు.

అబ్రక్ అంటే మన అభ్రకమే, మొహర్రం తాజియాల మీద మెరిసేదే. కరెంటును పోనివ్వదు, 500 డిగ్రీల వేడికీ చెదరదు. ఆ రోజుల్లో దునియాకు రేకు అబ్రక్ ఎక్కువగా హిందుస్తాన్ నుంచే పోయేది. అప్పటి బిహార్‌లో కోడెర్మా, మన దగ్గర గూడూరు దానికి మషూర్. గనిలోంచి వచ్చిన దిమ్మెను చాకుతో కాగితంలా చీల్చాలి. ఔరతులు, పిల్లలు కూచుని పొర పొరగా విడదీసేవాళ్ళు. రికార్డుల్లో గిన్నెస్ పేరుంది. ఆ మెహనతీ చేతుల పేర్లు ఏ కితాబులో ఉన్నాయి?

తర్వాత ప్లగ్గుల్లో అబ్రక్ జాగాలోకి అల్యూమినా వచ్చింది. వైర్లకు సిలికాన్ తొడుగులొచ్చాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లలో పెట్రోల్ ఇంజనే లేదు. అబ్రక్ కహానీ ఖతమైందనుకున్నాను. కాలేదు. రోడ్డు మీద తిరిగే ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో మంట పాకకుండా ఇప్పుడు అబ్రక్ పలకలు అడ్డం పెడుతున్నారు.

బండి మారింది, గర్మీ మారలేదు. హిఫాజత్ చేసే పొర ఎప్పుడూ బానెట్ కిందే ఉంటుంది, అది లేనప్పుడే మనకు యాదికొస్తుంది.