రాగిరేకు మొదలు వెండిరంగు బిళ్ళ వఱకు

వ్రాసినది నిలువవలెనను కోరిక వ్రాతతోపాటే పుట్టినది. ఆ కోరిక వేంగీదేశమున ఎట్లు నెఱవేఱినదో, ఎచట భంగపడినదో తెలిసికొనుట పుస్తకములను కాపాడు ప్రతి గ్రామమునకును ఆవశ్యకము.

ఏలూరునకు ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న పెదవేగి యొకనాడు వేంగీపురమను పేర రాజధానియై వెలసినది. శాలంకాయన ప్రభువులు అచట నుండి పాలించిరి. వారిలో విజయదేవవర్మ ప్రాకృతభాషలో వ్రాయించిన దానశాసనము ఏలూర అను గ్రామమునకు సంబంధించినది. నందివర్మ సంస్కృతశాసన మొకటి కొల్లేటి శాసనమను పేర చరిత్రకారులలో ప్రసిద్ధమైనది. రెండును రాగిరేకులపై చెక్కబడినవే. ఆ రాజులు పోయి పదునైదు వందల యేండ్లకు పైబడినది. వారి మేడలు మట్టిదిబ్బలైనవి. ఏలూరను పేరు అంత ప్రాచీనమైనదని మనకు తెలుపుటకు ఆ రేకులే మిగిలినవి.

రాగిరేకును సిద్ధపఱచు విధానమున గొప్ప యోచన కలదు. రేకులను ఒకదానిపై నొకటి పేర్చినపుడు అక్షరములు ఒరసికొని అరిగిపోకుండ అనేక శాసనములలో రేకుల అంచులను కొంచెము ఎత్తుగా మలచిరి. రేకులు చెదరిపోకుండ వానికి రంధ్రము చేసి కడియము తొడిగిరి. నడుమ వేఱొక రేకు చేర్చుటకు గాని, ఉన్నదానిని తీసివేయుటకు గాని వీలులేకుండ ఆ కడియపు కొనలను రాజముద్రలో బిగించిరి. ఒకసారి చెక్కినది చెఱిపి వ్రాయరాదనుటయే దాని విలువ. అయితే రాగి వెలగలది. భూదానమునకు తగును గాని కావ్యమునకును పురాణమునకును చాలదు.

కావ్యములకు తాటియాకు శరణ్యమైనది. ఆకును ఉడికించి, ఆరవేసి, గంటముతో గీసి, గీతలలో మసి నింపెడివారు. చక్కని సాధనమే కాని, కోస్తా గాలిలోని తేమకును పురుగునకును అది లోబడును. అందుచే పాత తాళపత్రము శిథిలము కాకముందే దానిని చూచి క్రొత్తప్రతి వ్రాయుట మన పూర్వుల పద్ధతి. ప్రతి చివర లేఖకుడు తాను చూచినట్లే వ్రాసితినని చెప్పుకొని, పుస్తకమును నీటినుండియు, నూనెనుండియు, సడలిన కట్టునుండియు కాపాడుడని చదువరులను వేడుకొనుట ఆచారము. రాజరాజనరేంద్రుని కాలమున నన్నయభట్టు రచించిన భారతము ఆతడు వ్రాసిన ఆకులమీద మనకు దక్కలేదు. తరతరముల లేఖకులు ఎత్తి వ్రాసిన ప్రతులమీదనే దక్కినది. వారిలో పెక్కుమంది పేరులు మనకు తెలియవు.

ఈ ఎత్తివ్రాత చరిత్రలో ఏలూరునకు గౌరవస్థానము కలదు. కల్నల్ కాలిన్ మెకంజీకి కుడిభుజమై శాసనములను, గ్రామచరిత్రలను సేకరించిన కావలి వెంకట బొఱ్ఱయ్య ఏలూరివాడు. 1803లో ఆతడు చిన్న వయసుననే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. గ్రామకరణములు చెప్పినవియు వ్రాసియిచ్చినవియు కైఫీయతులుగా ఏర్పడినవి. 1821లో మెకంజీ మరణించిన పిదప కొంతకాలమునకే ఆ కాగితములు చెడిపోసాగినవి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను నియమించి వానికి ప్రతులు వ్రాయించెను. కావ్యముల విషయమునను ఆతని పద్ధతి యిదియే. ఒక గ్రంథమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతి సిద్ధపఱపించెడివాడు. ప్రతి వ్రాయుట సగము పని. మూలముతో సరిచూచుట తక్కిన సగము.

కాగితము వచ్చిన పిదప అడంగళ్ళు, పట్టాలు, దస్తావేజుల నకళ్ళు బీరువాలు నిండినవి. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దయినపుడు గ్రామలెక్కలు చేతులు మాఱినవి. 1998 నవంబరులో రిజిస్ట్రేషను శాఖవారు ‘కార్డు’ అను పథకముతో దస్తావేజుల పనిని కంప్యూటరునకు ఎక్కించిరి. అంతవఱకు గుమాస్తా పుటలకొలది చేతితో ఎత్తి వ్రాసిన నకలు అటుపిమ్మట యంత్రము తీయు ఛాయగా మాఱినది.

ఆ కాలముననే ఖాళీ డిస్కు పల్లెలకు వచ్చినది. ఫిలిప్స్, సోనీ సంస్థలు రూపొందించిన కాంపాక్టు డిస్కు 1982లో పాటలకొఱకు అంగడికెక్కినది. ఇంటనే వ్రాసికొనదగిన డిస్కును 1988లో జపానులోని తైయో యూడెన్ సంస్థ వెలువరించినది. 2000 సంవత్సరము దాటిన తరువాత మన పట్టణములలోని ఫోటో స్టూడియోలును, డి.టి.పి. దుకాణములును ‘సీడీ రైట్ చేయుట’, ‘బర్న్ చేయుట’ అను మాటలను ఇంటింటి మాటలు చేసినవి. పెండ్లి ఫోటోలు, హరికథలు, భజనపాటలు, సంఘముల లెక్కలు, అచ్చునకు సిద్ధమైన పుస్తకములు ఆ వెండిరంగు బిళ్ళలలో చేరినవి.

ఆ బిళ్ళ వెడల్పు 120 మిల్లీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. గట్టి పారదర్శకమైన ప్లాస్టిక్కుపై పలుచని రంగుపూత, దానిపై వెలుతురును తిప్పికొట్టు లోహపుపొర, ఆపైన లక్క వంటి రక్షణపూత ఉండును. ఖాళీ డిస్కులో ముందుగానే ఒక సన్నని సర్పిలమైన చాలు తీయబడియుండును. అది లోపలి అంచున మొదలై వెలుపలికి చుట్టుకొని పోవును. విప్పి చాచినచో 5 కిలోమీటర్లకు మించును. వ్రాయునపుడు లేసరు కిరణము ఆ చాలు వెంబడి పోవుచు రంగుపూతను అచ్చటచ్చట వేడిచే మార్చును. మాఱినచోట వెలుతురు తక్కువగా తిరిగివచ్చును, మాఱనిచోట ఎక్కువగా వచ్చును. ఆ భేదమునే కంప్యూటరు అంకెలుగా గ్రహించి అక్షరములుగా చూపును. గంటముతో గీసి మసి పూసిన ఆకునకును దీనికిని తత్త్వమున భేదము స్వల్పము. రాగిరేకువలెనే దీనియందును ఒకసారి వ్రాసినచోట మరల వ్రాయరాదు.

డిస్కులో పట్టునది 700 మెగాబైట్లు, అనగా సుమారు 73 కోట్ల బైట్లు. యూనికోడు పద్ధతిలో వ్రాసిన తెలుగు ఫైలులో సాధారణముగా ఒక్కొక్క చిహ్నమునకు 3 బైట్లు పట్టును. 3 లక్షల చిహ్నములు గల పుస్తకములైనచో 800 పుస్తకములు ఒక్క బిళ్ళలో ఇమిడిపోవును. పుటలను ఫోటోలుగా తీసి ఉంచినచో ఆ సంఖ్య మిక్కిలి తగ్గును.

వ్రాయుటకును ఒక క్రమము కలదు. మొదట ఫైలులను పేరులు పెట్టి, ఏ సంచిలో ఏది యున్నదో ఏర్పఱచి, ఒక పట్టిక సిద్ధపఱపవలెను. పిదప డిస్కును మితమైన వేగమున వ్రాయవలెను. తొలినాటి యంత్రములు నడుమ ఒక్క క్షణము ఫైలు అందకపోయినను తడబడి బిళ్ళను చెఱచెడివి. తరువాతి యంత్రములలో ఆ దోషము చాలవఱకు తొలగినది. కాని వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఏ యంత్రమైనను ఏమి చేయగలదు? అందుచే యు.పి.ఎస్. కావలసినది. వ్రాత ముగిసిన పిమ్మట డిస్కును మూసివేయవలెను. లేనిచో వేఱొక యంత్రము దానిని చదువలేకపోవచ్చును. చివరకు మూలముతో సరిచూడవలెను. కంప్యూటరులో ‘వెరిఫై’ అను ఆజ్ఞ దీనికొఱకే యున్నది. కరణము చిఠ్ఠా అడుగున మొత్తము వేసి తప్పు పట్టుకొనునట్లు, డిస్కునందును అదనపు అంకెలు వ్రాయబడి చిన్న గీతలవలన కలుగు లోపములను పూరించును. పెద్ద దెబ్బను అవి పూరింపజాలవు.

ఈ బిళ్ళకు శత్రువులు పెక్కురు. ఎండ రంగుపూతను చెఱచును. తేమ లోహపుపొరను తినివేయును. పేరు వ్రాసిన పై ముఖమే ఎక్కువ సున్నితమైనదని పలువురు ఎఱుగరు. లోహపుపొరకు ఆవైపున పలుచని పూత మాత్రమే కాపు. బాల్‌పెన్నుతో ఒత్తి వ్రాసినను, అంటించిన కాగితమును పెఱికినను ఆ పొర చెడును. కొల్లేటి పరిసరములలో తేమకు కొదువలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీరు కొల్లేటిలో నిండి ఉప్పుటేటిగుండ సముద్రమున చేరవలెను. 2024 సెప్టెంబరులో ఆ బుడమేరు పొంగుటచే విజయవాడలోని పేటలు రోజుల తరబడి నీటిలో నున్నవి. అట్టి ప్రాంతమున ఒక్కచోటనే ఉంచిన ఏ ప్రతికి గాని భద్రత కలదనుకొనరాదు.

బిళ్ళ చెడకున్నను వేఱొక ఆపద కలదు. 1837లో జేమ్స్ ప్రిన్సెపు అశోకుని బ్రాహ్మీలిపిని చదువువఱకు ఆ శిలలు కన్నులెదుట నుండియు మూగవే. మన డిస్కులలో పలువాటికి అదే గతి పట్టుచున్నది. యూనికోడు పద్ధతిలో 1991లోనే తెలుగునకు స్థానము లభించినను, అచ్చుపనివారు అనేక సంవత్సరములు అను వంటి ప్రత్యేక ఫాంటులతోనే పనిచేసిరి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెఱచినచో తెలుగునకు మాఱుగా అర్థములేని గుర్తులు కనబడును. డిస్కు బాగున్నది, ఫైలు బాగున్నది, చదువువాడు లేడు. పైగా క్రొత్త కంప్యూటరులలో పెక్కింటికి డిస్కు పెట్టు అఱయే లేదు.

పెద్ద సంస్థలకును ఇదే పాఠము వర్తించినది. తెలుగువాడైన ఆచార్య రాజ్ రెడ్డి మున్నగువారి పూనికతో, పది లక్షల పుస్తకములను కంప్యూటరులోనికి ఎక్కించు సంకల్పముతో, భారత డిజిటల్ గ్రంథాలయము వెలసినది. వేలకొలది తెలుగు పుస్తకముల పుటలు అందు చేరినవి. కొంతకాలమునకు ఆ వెబ్‌సైటు పనిచేయుట మానినది. అయినను అందలి గ్రంథములలో పెక్కింటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో చేరియుండుటచే నేటికిని చదువరులకు లభించుచున్నవి. బొఱ్ఱయ్య సేకరించినది లక్ష్మయ్యచేతను, మెకంజీ కూడబెట్టినది బ్రౌనుచేతను నిలిచినట్లే, ఒకరు చేసిన ప్రతిని వేఱొకరు ఎత్తి వ్రాసికొనుటచే ఇవియు నిలిచినవి.

నేడు రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఎంత వయసో, పల్లెలలో మొదట వ్రాయించిన డిస్కులకును దాదాపు అంతే వయసు. తాళపత్రమైనచో ఇరువదియైదేండ్లు బాల్యము. బిళ్ళకు అది వార్ధక్యము కావచ్చును. కావున గ్రంథాలయములు చేయవలసిన పని స్పష్టము. సభ్యుల యిండ్లలోని పెట్టెలలో పడియున్న పాత డిస్కులను, చదువు యంత్రము దొరకుచున్న ఈ రోజులలోనే తెప్పించి తెఱచి చూడవలెను. చదువబడినదానిని హార్డుడిస్కునకు ఎత్తి మూలముతో సరిచూడవలెను. పాత ఫాంటులలోని తెలుగును యూనికోడులోనికి మార్చి, మార్చినది తప్పులు లేకుండ ఒకరు చదివి దిద్దవలెను. ఒక ప్రతి గ్రామమున, ఒకటి ఏలూరున, మఱొకటి తాడేపల్లిగూడెమున ఉంచినచో ఒకే వఱదకు అన్నియు చిక్కవు. ఏ ప్రతి ఎచట నున్నదో తెలుపు పట్టిక కాగితముమీద వ్రాసి గ్రంథాలయపు రిజిస్టరులో చేర్చవలెను. ఐదేండ్ల కొకసారి ఆ రిజిస్టరు తెఱచి ప్రతులను తనిఖీ చేయు బాధ్యతను కార్యవర్గము ఒక సభ్యునికి పేరుతో అప్పగింపవలెను.