తప్పిపోయిన కుమారుని ఉపమానం

తప్పిపోయిన కుమారుని ఉపమానం బైబిలు కొత్త నిబంధనలోని లూకా సువార్తలో 15వ అధ్యాయం 11 నుంచి 32 వరకు గల వచనాల్లో యేసుక్రీస్తు చెప్పిన కథ. ఆస్తి పంచుకుని దూరదేశం వెళ్లి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన చిన్న కొడుకును తండ్రి ఎలా చేర్చుకున్నాడో, అది చూసి ఇంటిపట్టునే ఉన్న పెద్ద కొడుకు ఎందుకు అలిగాడో ఈ కథ చెబుతుంది. దేవుని ప్రేమ మనిషి యోగ్యతను చూసి వచ్చేది కాదని, దాన్ని సంపాదించుకోవడం ఎవరి తరమూ కాదని క్రైస్తవ విశ్వాసం బోధిస్తుంది. కృప అని పిలిచే ఆ ప్రేమకు సువార్తల్లో ఇంతకన్నా స్పష్టమైన చిత్రణ దొరకదు. పేరు చిన్న కొడుకుదే అయినా కథను నడిపేది తండ్రి. వెళ్లిపోయినవాడికీ, ఇంట్లోనే ఉన్నవాడికీ ఆ తండ్రి కృప ఒకేలా అవసరమన్నదే దీని సారం.

కథ

ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు తండ్రి బతికుండగానే తన వాటా అడిగి తీసుకుంటాడు. కొద్ది రోజుల్లోనే ఉన్నదంతా కూడగట్టుకుని దూరదేశం వెళ్లి, విచ్చలవిడిగా బతికి ఖర్చు చేసేస్తాడు. చేతిలో చిల్లిగవ్వ లేని వేళకు ఆ దేశంలో కరువొస్తుంది. పందులు మేపే పనికి కుదురుతాడు. అవి తినే కాయలతోనైనా కడుపు నింపుకోవాలని ఆశపడతాడు, అవి కూడా ఎవరూ పెట్టరు. అప్పుడు బుద్ధి తెచ్చుకుని, తన తండ్రి దగ్గర కూలివాళ్లకు సైతం తిండి మిగులుతున్న సంగతి తలచుకుంటాడు. పాపం చేశానని ఒప్పుకోవాలి, కొడుకుననిపించుకునే అర్హత పోయిందని చెప్పాలి, కూలివాడిగానైనా పెట్టుకోమని వేడుకోవాలి అని మాటలు కూర్చుకుని ఇంటిదారి పడతాడు.

అతడింకా దూరాన ఉండగానే తండ్రి చూసి, కనికరంతో పరుగెత్తుకెళ్లి, మెడ కౌగిలించుకుని ముద్దుపెట్టుకుంటాడు. కొడుకు మొదటి రెండు మాటలే చెప్పగలుగుతాడు. కూలివాడిగా పెట్టుకోమనే మూడో మాట పైకి రాకముందే తండ్రి సేవకులను పిలిచి మేలైన వస్త్రం తొడగమంటాడు, వేలికి ఉంగరం, కాళ్లకు చెప్పులు పెట్టమంటాడు, కొవ్విన దూడను కోయించి విందు చేస్తాడు.

పొలం నుంచి వస్తున్న పెద్ద కొడుక్కి పాటలూ నాట్యాల సందడి వినిపిస్తుంది. సంగతి తెలిసి కోపంతో లోపలికి వెళ్లనంటాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు. ఇన్నేళ్లు చాకిరీ చేసినా స్నేహితులతో సంతోషించడానికి ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని పెద్ద కొడుకు నిష్ఠూరమాడతాడు. తనకున్నదంతా అతనిదేనని, చనిపోయాడనుకున్న తమ్ముడు బతికొచ్చినందుకు సంతోషించడం న్యాయమేనని తండ్రి నచ్చజెబుతాడు. పెద్దవాడు విందుకు వెళ్లాడో లేదో సువార్త చెప్పదు.

సువార్తలో సందర్భం

ఈ ఉపమానం లూకాలో తప్ప మిగతా మూడు సువార్తల్లో లేదు. చాలామంది పండితులు లూకా సువార్త రచనాకాలాన్ని క్రీ.శ. 80-90 మధ్య అంచనా వేస్తారు. అధ్యాయం మొదట్లోనే కథకు కారణం ఉంది. పాలకుల తరఫున పన్నులు వసూలు చేసే సుంకరులు, లోకం పాపులుగా ముద్రవేసినవారు యేసు మాటలు వినడానికి వచ్చేవారు. ఆయన వారిని చేర్చుకుని, వారితో కలిసి భోంచేయడం యూదు మతనిష్ఠాపరులైన పరిసయ్యులకూ ధర్మశాస్త్ర పండితులకూ నచ్చలేదు. ఒకే పంక్తిలో కూర్చుని తినడమంటే వారిని తనవారుగా ఒప్పుకోవడమే. ఆ సణుగుడుకు జవాబుగా యేసు మూడు కథలు వరసగా చెప్పాడు. నూరు గొర్రెల్లో తప్పిపోయిన ఒకటి, పది వెండి నాణేల్లో పోయిన ఒకటి, ఆ తర్వాత ఇద్దరు కొడుకుల్లో ఒకడు.

మొదటి రెండు కథల్లో పోయినవి తమంతట తాము తిరిగి రాలేవు. వెతికినవారి శ్రమే వాటిని ఇంటికి చేర్చింది. మూడో కథ ఆ వరసలోనే చదవాలి. కొడుకు నడిచి వచ్చినా, అతని నడక కూలివాడి స్థానం కోసమే. అతన్ని కొడుకుగా నిలబెట్టింది తండ్రి పరుగు. మూడు కథలూ సంతోషంతోనే ముగుస్తాయి. పోయినదాన్ని దొరకబుచ్చుకోవడం దేవునికి భారం కాదు, పండగ అని ఆ వరస చెబుతుంది.

నాటి సమాజ నేపథ్యం

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం ప్రకారం జ్యేష్ఠుడికి రెండు పాళ్లు వస్తాయి. ఇద్దరే కొడుకులైతే చిన్నవాడికి దక్కేది మూడో వంతు. తండ్రి బతికుండగా ఆస్తి పంచడం మంచిది కాదని యూదుల జ్ఞానగ్రంథం సీరాకు హెచ్చరిస్తుంది. పంది అపవిత్రమని లేవీయకాండం చెబుతుంది కాబట్టి, పందులు మేపే యూదు యువకుడంటే విన్నవారికి అతని పతనం ఎంత లోతో వెంటనే తెలిసేది. ఉంగరం ఇంటి అధికారానికి గుర్తు. చెప్పులు అతడు దాసుడు కాడని చెప్పే గుర్తుగా వ్యాఖ్యాతలు చూస్తారు.

పశ్చిమాసియాలో దశాబ్దాల పాటు బోధించిన కెన్నెత్ బెయిలీ, 1976లో వచ్చిన తన గ్రంథంలో, ఆ ప్రాంతపు పల్లె ఆచారాల వెలుగులో ఈ కథను వివరించాడు. వాటా అడగడం తండ్రి చావు కోరడంతో సమానమని, పెద్దమనిషి నలుగురి ముందు పరుగెత్తడం పరువు తక్కువని ఆయన అంటాడు. ఊరు కొడుకును అవమానించేలోగా తండ్రి ఆ అవమానాన్ని తన మీద వేసుకున్నాడన్నది ఆయన వ్యాఖ్యానం. యూదు పండితురాలు ఎమీ-జిల్ లెవీన్ 2014లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి వ్యాఖ్యానాల విషయంలో జాగ్రత్త అవసరమని చెప్పింది. యూదు తండ్రులు కఠినులనీ, క్షమించే దేవుణ్ణి యేసే కొత్తగా చూపాడనీ అనుకోవడం పొరపాటు. హోషేయ 11వ అధ్యాయం, 103వ కీర్తన దేవుణ్ణి కనికరించే తండ్రిగా అప్పటికే చూపాయి. యేసు శ్రోతలు ఆ దేవుణ్ణి ఎరిగినవారే. ఆ కనికరానికి ఎవరినెవరిని అర్హులుగా ఒప్పుకోవాలన్న దగ్గరే వివాదం వచ్చింది.

పెద్ద కొడుకు

కథలో చివరి ఎనిమిది వచనాలు పెద్ద కొడుకువి. అతని ఫిర్యాదులో అబద్ధం లేదు. పనిచేశాడు, మాట జవదాటలేదు. కానీ ఆ సేవను అతడు దాస్యంగా లెక్కపెట్టుకున్నాడు. తమ్ముణ్ణి తమ్ముడని పిలవడు, నీ కొడుకు అంటాడు. తండ్రి ఆ మాటను సరిదిద్దుతూ నీ తమ్ముడు అంటాడు. చిన్నవాడు కూలివాడిగా ఉండటానికి తిరిగొస్తే, పెద్దవాడు ఇంట్లోనే కూలివాడి మనసుతో బతికాడు. తండ్రి ప్రేమను జీతంగా చూడటంలో ఇద్దరిదీ ఒకే తప్పు.

తండ్రి ఇద్దరి కోసమూ ఇల్లు దాటి బయటికొస్తాడు. చిన్నవాడి దగ్గరికి పరుగున వెళ్తాడు, పెద్దవాడి దగ్గర నిలబడి బతిమాలతాడు. పతనమైనవారి లోపం అందరికీ కనిపిస్తుంది, నీతిమంతుల లోపం వారికే కనిపించదు. రెండింటికీ తండ్రి చేసే చికిత్స ఒక్కటే. అందుకే దీన్ని ఇద్దరు కొడుకుల ఉపమానమని, కనికరంగల తండ్రి ఉపమానమని పిలవాలనే వ్యాఖ్యాతలూ ఉన్నారు.

వ్యాఖ్యాన చరిత్ర

బాప్తిస్మం పొందాక ఘోరపాపం చేసినవారిని సంఘం తిరిగి చేర్చుకోవచ్చా అన్న ప్రశ్న తొలి శతాబ్దాల్లో తీవ్రంగా నలిగింది. ఉత్తరాఫ్రికా రచయిత టెర్టులియన్ మొదట ఈ ఉపమానాన్ని పశ్చాత్తాపపడే క్రైస్తవులకు ఆదరణగా చూపించాడు. తర్వాత కఠిన మార్గంలోకి వెళ్లి, ఇది వారికి వర్తించదని వాదించాడు. సంఘం చివరికి తొలి వ్యాఖ్యానం వైపే నిలబడింది.

క్రీ.శ. 400 ప్రాంతంలో అగస్టీన్ తన ఆత్మకథాత్మక గ్రంథం ‘కన్ఫెషన్స్’లో తన యౌవనాన్నే దూరదేశ ప్రయాణంగా వర్ణించాడు. ఆయన దృష్టిలో ఆ దూరం అడుగులతో కొలిచేది కాదు, దేవునికి ఎడమైన మనసుది. 20వ శతాబ్దంలో స్విస్ వేదాంతి కార్ల్ బార్త్ మరో మలుపు తిప్పాడు. మనిషి కోసం తండ్రి ఇల్లు విడిచి దూరదేశానికి వచ్చినవాడు దేవుని కుమారుడైన క్రీస్తేనని తన వేదాంత గ్రంథంలో 1953లో వచ్చిన సంపుటంలో రాశాడు. పోప్ రెండో జాన్ పాల్ 1980 నవంబర్ 30న దేవుని కరుణపై వెలువరించిన విశ్వలేఖలో ఒక అధ్యాయాన్ని ఈ కథకే కేటాయించాడు. కొడుకు పోగొట్టుకున్న గౌరవాన్ని తండ్రి తిరిగి నిలబెట్టాడన్నది అందులోని ముఖ్యాంశం.

కృప సిద్ధాంతంలో స్థానం

కొడుకు తిరిగి రావడం అతని సొంత బలమా, తండ్రి కృపా అన్న ప్రశ్న కృప సిద్ధాంతంలో పెద్ద వివాదమైంది. మనిషి తన సంకల్పబలంతోనే పాపరహితంగా బతకగలడని అగస్టీన్ సమకాలికుడు పెలేజియస్ బోధిస్తే, తిరిగి రావాలన్న కోరిక కూడా కృప వల్లే పుడుతుందని అగస్టీన్ వాదించాడు. 418లో కార్తేజ్ సభ పెలేజియస్ బోధను తోసిపుచ్చింది. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్, విశ్వాసం ద్వారా కృపచేతనే మనిషి నీతిమంతుడవుతాడని ప్రకటించడంతో అదే ప్రశ్న పశ్చిమ క్రైస్తవాన్ని రెండుగా చీల్చింది. 1547లో ట్రెంట్ సభ కేథలిక్ జవాబు ఇచ్చింది. కృపే మొదట వస్తుందని ఒప్పుకుంటూనే, మనిషి దానికి సమ్మతించి సహకరించాలని చెప్పింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కేథలిక్ ప్రతినిధులు ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. మన యోగ్యత వల్ల కాక కృపచేత మాత్రమే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని రెండు సంప్రదాయాలూ కలిసి ఒప్పుకున్నాయి. మెథడిస్టులు 2006లో, రిఫార్మ్‌డ్ సంఘాలు 2017లో దానితో చేరాయి.

షరతుల్లేని ప్రేమ తప్పుకు లైసెన్సు కాదా అన్న సందేహం పాతది. పౌలు రోమా పత్రిక 6వ అధ్యాయంలోనే దీన్ని ఎదుర్కొన్నాడు. జర్మన్ పాస్టర్ డీట్రిక్ బాన్‌హోఫర్ 1937లో, శిష్యరికం లేని కృపను చవకబారు కృప అని నిలదీశాడు. నాజీలను ఎదిరించిన ఆయనను 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. ఉపమానంలోనూ తండ్రి తప్పును ఒప్పుగా చెప్పలేదు. కొడుకు చచ్చినవాడితో సమానమయ్యాడని ఇద్దరి ముందూ అన్నాడు. కరిగిన ఆస్తి తిరిగి రాలేదు, ఆ నష్టాన్ని తండ్రే భరించాడు. క్షమకు ఖరీదు ఉందని, దాన్ని క్షమించేవాడే చెల్లిస్తాడని క్రైస్తవులు సిలువలో చూసేది కూడా ఇదే.

ఆరాధనలోనూ కళల్లోనూ

ఆర్థడాక్స్ సంఘాలు ఈస్టర్‌కు ముందొచ్చే ఉపవాసకాలానికి సిద్ధపడే ఆదివారాల్లో ఒకదాన్ని తప్పిపోయిన కుమారుని పేరుతోనే పాటిస్తాయి. కేథలిక్కుల మూడేళ్ల పఠనక్రమంలో మూడో ఏడాది తపస్సుకాలపు నాలుగో ఆదివారం ఈ భాగాన్ని చదువుతారు.

చిత్రకళలో అత్యంత ప్రసిద్ధమైనది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1669లో చనిపోవడానికి కొద్దికాలం ముందు వేసిన తైలవర్ణ చిత్రం. అది రష్యా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. గుండు చేయించుకున్న తల, అరిగిన చెప్పులతో మోకరిల్లిన కొడుకు భుజాలపై తండ్రి రెండు చేతులూ వేసి ఉంటాడు. పెద్ద కొడుకని చాలామంది గుర్తించే మనిషి పక్కన నిటారుగా నిలబడి చూస్తుంటాడు. ఈ చిత్రం ముందు గంటల కొద్దీ కూర్చున్న డచ్ కేథలిక్ గురువు హెన్రీ నౌవెన్ 1992లో దానిపై పుస్తకం రాశాడు. చిన్న కొడుకుగా, పెద్ద కొడుకుగా తనను తాను గుర్తించిన మనిషి చివరికి తండ్రిలా ఇతరులను చేర్చుకోవడం నేర్చుకోవాలన్నది ఆయన సందేశం. సంగీతంలో ఈ కథ ఆధారంగా రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ స్వరపరిచిన బ్యాలే 1929లో పారిస్‌లో ప్రదర్శితమైంది.

బౌద్ధుల సద్ధర్మపుండరీక సూత్రం నాలుగో అధ్యాయంలోనూ తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు కథ ఉంది. అక్కడ తండ్రి తానెవరో చెప్పకుండా కొడుకును ఏళ్ల తరబడి పనిలో పెట్టుకుని, మెల్లగా సిద్ధం చేసి, చివర్లో వారసత్వం ఇస్తాడు. లూకా కథలో వారసత్వ చిహ్నాలు ఏ పరీక్షా లేకుండా మొదటి క్షణంలోనే వచ్చేస్తాయి. రెండు కథలూ కరుణ గురించినవే, కరుణ నడిచే దారి వేరు.

భారతదేశంలోనూ తెలుగునాటా

జార్జ్ గ్రియర్సన్ నిర్వహించిన భారత భాషా సర్వే, భాషలకూ మాండలికాలకూ ఒక నమూనాగా ఈ ఉపమానాన్ని అనువదింపజేసింది. మూడు పురుషల సర్వనామాలు, విభక్తులు, మూడు కాలాల క్రియలు ఇందులో ఉండటం దానికి కారణం. భారతీయుల మనసు నొప్పించకుండా కొన్ని మాటలు మార్చారు కూడా. మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాదు సంస్థానం ఆ సర్వే పరిధిలోకి రాకపోయినా, ముండా, ద్రావిడ భాషలకు కేటాయించిన 1906 నాటి సంపుటంలో తెలుగుకూ చోటు దక్కింది.

తమ్ముణ్ణి చేర్చుకుంటావా అని కథ పెద్ద కొడుకు ముందు పెట్టిన ప్రశ్న తెలుగు నేల మీద నిజజీవితంలోనే ఎదురైంది. 1866లో ఒంగోలులో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య, అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ కాలంలో మాదిగ కుటుంబాలు సంఘంలోకి రావడానికి దారి తీశాడు. వారిని చేర్చుకుంటే తాము మిషన్ బడికి రామని అగ్రవర్ణ విద్యార్థులు చెప్పారు. క్లౌ దంపతులు మాదిగలనే చేర్చుకున్నారు, విద్యార్థులు వెళ్లిపోయారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ వేలాదిమందికి పని కల్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ తర్వాత కూడా చర్చిల్లో కులభేదం పూర్తిగా పోలేదు. తండ్రి ఇంట్లోకి రానిచ్చినవారిని తమ్ముళ్లుగా ఒప్పుకోలేని సంఘం పెద్ద కొడుకు స్థానంలోనే ఉంటుంది. కృపను నమ్ముతున్నామని చెప్పే ఏ సంఘానికైనా ఈ ఉపమానం పెట్టే పరీక్ష అదే: తనను క్షమించినందుకు సంతోషించడంతో ఆగకుండా, క్షమాపణ పొందిన పక్కవాడితో కలిసి భోజనానికి కూర్చోగలగాలి.