వెండి గనుల ఊళ్లో పంజరాల పని

పందొమ్మిదో శతాబ్దపు న్యూయార్క్‌లో కాస్త కలిగినవాళ్ల ముందుగదిలో తరచుగా ఒక కెనరీ పిట్ట కనిపించేది. ఇత్తడి తీగల పంజరం, లోపల పసుప్పచ్చని పిట్ట. ఆ ఇత్తడి పంజరం అక్కడి బజార్లో కొన్నదే. పిట్ట మాత్రం అట్లాంటిక్ దాటి వచ్చింది. వచ్చేటప్పుడు దాని ఇల్లు వేరు: రెండు అరచేతుల మధ్య పట్టేంత కర్ర పంజరం. పిట్టను కొన్నవాళ్లు ఆ కర్ర పంజరాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కానీ జర్మనీలో ఒక కొండ ఊరు కొన్ని తరాల పాటు దాన్నీ నమ్ముకుని బతికింది.

ఆ ఊరు సాంక్ట్ ఆండ్రియాస్‌బర్గ్. జర్మనీ నడిమధ్య హార్జ్ కొండల మీద ఉంటుంది. ఎగువ హార్జ్‌లో గనుల చుట్టూ పుట్టిన ఏడు పట్టణాల్లో ఇదొకటి. భూమిలో వెండి, సీసం, పైన స్ప్రూస్ అడవి, చలికాలమంతా మంచు. పంట పండే నేల కాదు. గని నడిస్తే పొయ్యి వెలిగేది, లేకపోతే లేదు.

ఆండ్రియాస్‌బర్గ్‌లోని శామ్‌సన్ గని 1521లో మొదలై 1910 దాకా నడిచింది. లోతు 800 మీటర్లకు పైమాటే. ఒక కాలంలో ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో దాన్నీ లెక్కపెట్టేవారు. అంత లోతుకు కార్మికులు నిచ్చెనల మీద దిగి, పొద్దంతా రాయి కొట్టి, మళ్లీ నిచ్చెనల మీదే ఎక్కి రావాలి. 1833లో హార్జ్‌లోనే దీనికి ఒక ఉపాయం దొరికింది. గని నోటి నుంచి అడుగు దాకా రెండు పొడవాటి కడ్డీలు వేలాడదీసి, వాటికి మెట్లు బిగించి, నీటి చక్రంతో ఆడించారు. ఒకటి లేస్తుంటే రెండోది దిగేది. కార్మికుడు ఒకదాని మెట్టు మీంచి రెండోదాని మెట్టు మీదికి అడుగు మార్చుకుంటూ పైకి వచ్చేవాడు. శామ్‌సన్‌లో దీన్ని 1837లో పెట్టారు. అంతకు ముందే, 1834లో, విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి ఇనుప తీగలను మెలిపెట్టి తాడు పేనే పద్ధతి కనిపెట్టింది కూడా ఈ కొండల్లోనే. ఇప్పటి లిఫ్టులకూ క్రేన్లకూ వాడే ఉక్కు తాళ్లకు మూలం అదే.

లోకానికి తీగతాడు ఇచ్చిన ఆ కొండల్లో ఇళ్లలో అల్లే పంజరాలకు మాత్రం తీగ లేదు. చువ్వలన్నీ కర్రవే. కారణం తేలిక. తీగ కొనాలి, స్ప్రూస్ కర్ర చవగ్గా దొరుకుతుంది, నార వెంట తిన్నగా చీలుతుంది, తేలికగా ఉంటుంది.

ఆ పంజరాల్లోని కెనరీ పిట్ట జర్మనీది కాదు. ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న కెనరీ దీవులు, వాటికి ఉత్తరాన మదీరా, అజోర్స్ దీవులు దాని పుట్టిల్లు. అడవిలో అది ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసిన మామూలు పిట్ట. స్పెయిన్ కెనరీ దీవులను ఆక్రమించాక యూరప్ చేరింది. పంజరాల్లో తరాల తరబడి ఏరి పెంచితే పసుపు రంగు తేలింది. పదిహేడో శతాబ్దానికల్లా ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలో, ఇమ్స్ట్ అనే గనుల ఊళ్లో కెనరీల పెంపకం వ్యాపారమైంది. అక్కడి వర్తకులు పిట్టలను వీపున మోసుకుంటూ యూరప్ నగరాలన్నీ తిరిగేవారు. వాళ్ల కథతోనే 1891లో వియన్నాలో కార్ల్ జెల్లర్ సంగీత నాటకం ఒకటి వచ్చింది, పేరు ‘పిట్టలమ్మేవాడు’. గనుల పని వెతుక్కుంటూ వచ్చిన టిరోల్ కార్మికులే కెనరీలను హార్జ్‌కు తెచ్చారని అక్కడ చెప్పుకుంటారు. ఎవరు తెచ్చినా, పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి పేరు ఇమ్స్ట్‌ను దాటి ఆండ్రియాస్‌బర్గ్‌కు వచ్చేసింది.

బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టడానికి కెనరీలను వాడేవారని చాలామందికి తెలుసు. గనుల ఊళ్లో కెనరీ అనగానే ఆ మాటే గుర్తొస్తుంది. అయితే ఆ సలహా బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1890లలో ఇచ్చింది. బ్రిటన్ గనుల్లో ఆ పద్ధతి 1980ల దాకా సాగింది. హార్జ్ ఇళ్లలో కెనరీలు పాడటం అంతకు చాలా ముందు మాట. ఇక్కడ పిట్ట పని ప్రాణం కాపాడటం కాదు, చాలని జీతానికి తోడుగా నాలుగు డబ్బులు తేవడం.

పిట్టల పెంపకం ఇంట్లో పని. వంటింటి వెచ్చదనం వాటికీ కావాలి, మనుషులకూ కావాలి. పంజరాల పని కూడా ఇంట్లోనే. భర్త గనిలో ఉంటే ఆడవాళ్లు, పిల్లలు, గనికి పోలేని ముసలివాళ్లు చలికాలపు పొద్దులు ఇందులో గడిపేవారు.

ఆ పంజరాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. ఒక్క పిట్ట పట్టే పెట్టె. అడుగున పల్చని చెక్క, నాలుగు మూలల సన్నని నిలువు కర్రలు, వాటి మధ్య వరసగా కర్ర పుల్లలు, లోపల వాలడానికి అడ్డకర్రలు, ఒక పక్క గింజలకూ నీళ్లకూ చోటు. చూడ్డానికి ఇంతే. చేయబోతే తెలుస్తుంది, పనంతా పుల్లల్లో ఉందని. కర్రను రంపంతో కోస్తే నార తెగి, సన్నని పుల్ల పుటుక్కున విరుగుతుంది. అందుకే నార పోయిన దారినే చీల్చాలి. చీల్చిన పుల్లను గుండ్రంగా తీయడానికి వడ్రంగుల దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. ఇనుప పలకకు కావలసిన కొలతలో బెజ్జం చేసి, ఆ బెజ్జంలోంచి పుల్లను లాగుతారు. అంచులు రాలిపోయి నున్నని చువ్వ బయటికొస్తుంది. మొదట పెద్ద బెజ్జం, తరవాత చిన్నది. ఆ తరవాత అడ్డపట్టీలకు సమాన దూరంలో బెజ్జాలు వేయాలి. ఒక్క బెజ్జం పక్కకు జరిగినా ఆ వరసంతా వంకర పోతుంది. సందు పెద్దదైతే పిట్ట తల దూర్చి ఇరుక్కుంటుంది. కెనరీకి చువ్వకూ చువ్వకూ మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఉంటే చాలు. మేకు లేకుండా, ఒకదాని బిగువు మీద ఒకటి నిలబడేలా కూర్చడమే పనితనం.

ఇలాంటివి ఒకటి రెండు కాదు. ఒక్కో పిట్టకు ఒక్కో పంజరం కావాలి, ఎందుకంటే పాట కోసం అమ్మే మగపిట్టలు కలిసి ఉంటే కొట్టుకుంటాయి. పంజరాలను వరసగా పేర్చి, వీపున తగిలించుకునే కర్ర చట్రానికి కట్టి, పైన గుడ్డ కప్పి వర్తకుడు బయల్దేరేవాడు. దారంతా ఒక్కో పంజరంలో గింజలు పోయాలి, నీళ్లు మార్చాలి. రైలు వచ్చాక నడక తగ్గింది, ఆవిరి ఓడలు వచ్చాక పిట్టల సంఖ్య పెరిగింది. హార్జ్‌కు పడమట ఉన్న ఆల్ఫెల్డ్ ఊరి నుంచి రూహె, రైహె కుటుంబాలు ఈ వ్యాపారాన్ని అట్లాంటిక్ దాటించాయి. ఓడలో పిట్టల వెంట మనిషి వెళ్లి, ప్రయాణమంతా వాటి ఆలనాపాలనా చూసేవాడు. న్యూయార్క్‌లో దుకాణం పెట్టిన రైహె సోదరులు పిట్టలతో మొదలుపెట్టి ఏనుగుల దాకా అమ్మారు. 1876లో ఆ నగరంలో తెరిచిన చేపల ప్రదర్శనశాలలో భాగస్తులయ్యారు. ఆ సంపదకు మూలం హార్జ్ వంటింట్లో బెజ్జంలోంచి లాగిన కర్ర పుల్ల అని ఎవరైనా రాసిపెట్టాలి. గనుల యజమానుల పేర్లు చరిత్రలో దొరుకుతాయి. పంజరాలు చేసిన ఆడవాళ్ల పేర్లు దొరకవు.

కొన్నవాళ్లు డబ్బిచ్చింది పిట్ట రంగుకు కాదు, గొంతుకు. హార్జ్ కెనరీ దాదాపు ముక్కు మూసుకుని, గొంతులోనే స్వరాన్ని దొర్లిస్తూ మెత్తగా పాడుతుంది. దాని పాటను భాగాలుగా విడదీసి, ఒక్కోదానికి పేరు పెట్టి, పోటీల్లో మార్కులు వేసేవారు. లోతుగా దొర్లే స్వరం, గరగరలాడే మంద్రస్వరం, చిరుగంటలా మోగేది, వేణువులా సాగేది: ముఖ్యమైనవి ఈ నాలుగు. ఆండ్రియాస్‌బర్గ్‌కే చెందిన విల్‌హెల్మ్ ట్రూటె పెంచిన పిట్టల వంశం జర్మనీ అంతటా పేరు మోసింది. పిట్ట పిల్లలకు ఈ పాట పుట్టుకతో పూర్తిగా రాదు. శరదృతువులో వాటిని మంచి గొంతున్న పెద్ద పిట్ట దగ్గర పెడితే, విని నేర్చుకుంటాయి.

ఈ చదువు కోసమే మరో రకం పెట్టె పుట్టింది. చిన్న కర్ర పంజరాన్ని లోపల పెట్టి, ముందు తలుపులు మూసే చిన్న బీరువా అది. వెలుతురు తగ్గితే పిట్ట గట్టిగా అరవదు, మెత్తగా పాడుతుంది. పక్క పిట్టల తప్పు స్వరాలు చెవిన పడవు. తలుపును రోజుకింత తెరుస్తూ పోతారు. చేతిపనిగా చూస్తే ఆ పెట్టె ముచ్చటైనది: తలుపుల బిగింపు, గాలి సందులు, పెట్టె మీద పెట్టె కూర్చునే లెక్క, అన్నీ పొందిగ్గా ఉంటాయి. కానీ ఎగరడానికి పుట్టిన ప్రాణిని జానెడు చోటులో, మసక చీకట్లో నెలల తరబడి ఉంచడం క్రూరత్వమే. ఆ ఇళ్ల మనుషులు కూడా పొద్దంతా చీకట్లో పనిచేసినవాళ్లే, వాళ్లకు మరో దారి తక్కువే. అయినా ఆ పేదరికం పిట్ట బాధను తుడిచేయదు. పనితనాన్ని మెచ్చుకోవచ్చు, ఆ కొలతలను మాత్రం ఇవాళ ఎవరూ అనుకరించకూడదు.

1910లో శామ్‌సన్ గని మూతపడింది. నాలుగేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధం. బ్రిటన్ నౌకాదళం జర్మనీ ఓడలను అడ్డుకోవడంతో సముద్రం మీద వ్యాపారం తెగిపోయింది. యుద్ధం తరవాత కొంత కోలుకుంది. 1926లో మాక్స్ స్టెర్న్ అనే జర్మన్ యువకుడు రెండు వేలకు పైగా కెనరీలతో అమెరికా చేరాడు. ఆ పిట్టలతో మొదలైన సంస్థే హార్ట్జ్ మౌంటెన్. పెంపుడు జంతువుల సరుకుల మీద ‘హార్ట్జ్’ అన్న పేరు అక్కడ ఇప్పటికీ కనిపిస్తుంది. తరవాత రేడియోలు, గ్రామఫోన్లు ఇళ్లలో మామూలైపోయాయి. ఇంట్లో పాట కోసం పిట్ట అక్కర్లేకపోయింది. ఇప్పుడు శామ్‌సన్ గని ఒక మ్యూజియం. కార్మికులను ఎక్కించి దించిన ఆ పాత మెట్ల యంత్రం ఇంకా పనిచేస్తోంది. గని ఆవరణలోనే కెనరీల మ్యూజియం కూడా ఉంది. చిన్న కర్ర పంజరాలు, పాటల పెట్టెలు, వర్తకుల వీపు చట్రాలు అక్కడ చూడొచ్చు. ఎగువ హార్జ్ గనులకు నీళ్లిచ్చిన చెరువులు, కాలువలను 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అలంకారపు పంజరాల దారి వేరు. ధనికుల ఇళ్లకు మహాగని కర్రతో, దంతపు పని చెక్కి, భవనాల ఆకారంలో పంజరాలు చేయించేవారు. హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో పింగాణీలా కనిపించే మెరుగు మట్టితో కూడా చేశారు. ట్యునీషియాలో సిదీ బూ సయీద్ అనే తీరపు ఊరు తెల్లని తీగ, నీలి రంగు కర్ర కలిపి, గుమ్మటాలు పెట్టి చేసే పంజరాలకు పేరుపొందింది. ఆ ఊరి కిటికీల వంపులే వాటిలోనూ కనిపిస్తాయి. ఈ పంజరాలు చూసేవారి కోసం చేసినవి. చాలావాటిలో ఎత్తు ఎక్కువ, పొడవు తక్కువ. పిట్టకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పిట్ట అడ్డంగా ఎగురుతుంది, గుమ్మటంలోకి నిలువుగా ఎగరదు. హార్జ్ పంజరం ఇరుకైనా, అందులో ప్రతి పుల్లకూ ఒక పని ఉంది. నగిషీ పంజరాల కంటే దాని దగ్గరే నేర్చుకోవలసింది ఎక్కువ.

ఇప్పుడు తీరిక వేళల్లో ఇంట్లో కర్రపని చేసేవారికి పంజరం మంచి కసరత్తు. చీల్చడం, చిత్రిక పట్టడం, సమాన దూరంలో బెజ్జాలు వేయడం, మేకు లేకుండా బిగించడం అన్నీ ఇందులో ఉన్నాయి. చేసిన పంజరంలో దీపమో పూలకుండీయో పెట్టుకుంటే ఏ రంగు వేసినా ఫర్వాలేదు. కెనరీనో బడ్జీనో పెంచేట్టయితే అలంకారం పక్కనపెట్టి పొడవు పెంచాలి, సీసం కలిసిన రంగులు, మందు పట్టించిన కర్ర వాడకూడదు. రామచిలుకను మాత్రం ఎంత అందమైన పంజరంలోనూ పెట్టకండి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఇప్పటికే ఇంట్లో ఉంటే వీధిలో వదిలేయకుండా దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి అప్పగించండి. పంజరంలో పెరిగిన చిలుక బయట సొంతంగా తిండి వెతుక్కోలేదు.