క్వాంటం కీ: హ్యాకర్ తొంగి చూస్తే దొరికిపోతాడు.. మరి హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా వస్తుందా?

యూపీఐలో డబ్బులు కొట్టినా, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా దాన్ని కాపాడేది ఓ కష్టమైన లెక్క. ఇప్పటి కంప్యూటర్లకు అది కొరుకుడు పడదు. పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే మాత్రం ఆ లెక్క తేలిపోతుందని పీటర్ షోర్ 1994లోనే చూపించారు. ఇంకా రాలేదు కదా అంటారా? ఇవాళ కొట్టేసి దాచుకున్న డేటాను అప్పుడు తీరిగ్గా విప్పుకోవచ్చు. పిన్ అంటే మార్చుకుంటాం.. హాస్పిటల్ రికార్డులు, రక్షణ రహస్యాలను ఏం చేస్తాం?

ఏంటీ క్యూకేడీ?
క్వాంటం కీ డిస్ట్రిబ్యూషన్. ఇందులో వెళ్లేది మెసేజ్ కాదు, దాని తాళంచెవి. దాన్ని ఒక్కో కాంతి కణం, అంటే ఫోటాన్ రూపంలో పంపుతారు. మధ్యలో ఎవరైనా చూస్తే ఫోటాన్ల స్థితి చెదిరి తప్పులు పెరుగుతాయి. వెంటనే ఆ కీని పక్కన పడేస్తారు. 1984లో బెనెట్, బ్రసార్డ్ చెప్పిన ఐడియా ఇది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?
2020 డిసెంబర్‌లో డీఆర్‌డీవో ఇక్కడి డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ల్యాబ్‌ల మధ్య 12 కి.మీ. ఫైబర్‌పై దీన్ని పరీక్షించింది. 2022 ఫిబ్రవరిలో ఐఐటీ ఢిల్లీతో కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కి.మీ. దాటించింది.

వరంగల్ వరకు ఎందుకు కష్టం?
హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 150 కి.మీ. మంచి ఫైబర్‌లో కూడా 50 కి.మీ. వెళ్లేసరికి పది ఫోటాన్లలో ఒక్కటే మిగులుతుంది. 100కి వందలో ఒకటి, 150కి వెయ్యిలో ఒకటి! మామూలు ఇంటర్నెట్‌లా మధ్యలో సిగ్నల్ పెంచుదామంటే కుదరదు, తెలియని క్వాంటం స్థితిని కాపీ చేయడం అసాధ్యం. అందుకే ఏ జనగామలోనో ఒక నోడ్ పెట్టి, కీని అక్కడ తీసి మళ్లీ పంపాలి. ఆ గదికి కాపలా సరిగా లేకపోతే ఫిజిక్స్ ఎంత గట్టిదైనా లాభం లేదు.

2023 ఏప్రిల్‌లో కేంద్రం రూ.6,003 కోట్లతో ఆమోదించిన నేషనల్ క్వాంటం మిషన్ టార్గెట్ నగరాల మధ్య 2,000 కి.మీ. క్యూకేడీ. కమ్యూనికేషన్ హబ్ ఐఐటీ మద్రాస్‌లో ఉంది.

మన ఫోన్ల సంగతి?
క్యూకేడీకి స్పెషల్ లేజర్లు, డిటెక్టర్లు కావాలి కాబట్టి అది ముందు రక్షణ సంస్థలు, బ్యాంకుల వంతు. మామూలు జనానికి అందేది కొత్త రకం లెక్కలతో చేసే పోస్ట్ క్వాంటం ఎన్‌క్రిప్షన్. అమెరికా సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో దీనికి మూడు స్టాండర్డ్స్ ఇచ్చింది. కొత్త కేబుల్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చాలు. సిగ్నల్ యాప్, యాపిల్ ఐమెసేజ్ ఇప్పటికే ఈ తరహా రక్షణ వాడుతున్నాయి.