మన నోట్లో ఇంగ్లీష్ ఎక్కడ ఆగింది? నల్లగొండ వైపు నుంచి ఒక చరిత్ర

మా చిట్యాల హైదరాబాద్–విజయవాడ హైవే మీదనే ఉంటది. పొద్దున్నే బస్సెక్కితే ఆఫీసులు తెరిచే టైమ్‌కు ఎల్బీ నగర్‌లో దిగొచ్చు. కానీ అక్కడ ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనంగనే గొంతు ఎండిపోయేటోళ్లు మా దిక్కు చాలామంది. చదివితే అర్థమైతది, రాయమంటే రాస్తరు, మాట్లాడమంటే ఆగిపోతరు. ఎందుకంటే చెప్పే కారణం ఒక్కటే: "నాకు తెలివి తక్కువ అన్నా." ఆ మాట ఎంత తప్పో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

నల్లగొండ జిల్లా నిజాం రాజ్యంలో ఉండేది. రాజ్యం భాష మొదట పారసీ. 1880లలో పారసీ పోయి ఉర్దూ వచ్చింది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది, ఆ తర్వాత ఇంగ్లీష్ ముందుకొచ్చింది. అంటే డెబ్బై ఏళ్లలోపే కచేరీ భాష పారసీ నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి ఇంగ్లీష్‌కు మారింది. ఈ మూడింట్లో ఒక్కటి కూడా ఇక్కడి తెలుగు రైతు ఇంట్లో మాట్లాడేది కాదు. తాత నేర్చుకున్నది కొడుక్కి పనికిరాలే, కొడుకు నేర్చుకున్నది మనవడికి పనికిరాలే. ప్రతి తరం మళ్లీ సున్నా నుంచే మొదలు.

అదే కాలంలో కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇంగ్లీష్‌వాళ్ల పాలనలో ఉన్నాయి. వెన్నెలకంటి సుబ్బారావు అనే తెలుగాయన 1815 నుంచి మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడిగా పనిచేశారు. తన జీవితకథను ఇంగ్లీష్‌లోనే రాసుకున్నారు, అది 1873లో అచ్చయింది. 1892లో 'కన్యాశుల్కం' నాటకం ఆడేనాటికి, గిరీశం ఇంగ్లీష్ డాబును చూసి జనం నవ్వగలిగారు. నవ్వాలంటే ఆ భాష కొంతైనా చెవిన పడి ఉండాలె కదా. ఆ రోజుల్లో నల్లగొండలో ఆ జోక్ పేలేది కాదు!

ఇక్కడ 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. ఉర్దూ మీడియం. ఒక భారతీయ భాషలో డాక్టరీ, ఇంజినీరింగ్, న్యాయశాస్త్రం చెప్పడం చిన్న పని కాదు, దాన్ని తక్కువ చేయొద్దు. పుస్తకాల అనువాదానికే ఒక సంస్థ పెట్టారు. ఇంగ్లీష్ కూడా తప్పనిసరి సబ్జెక్టే. కానీ తెలుగు పిల్లవాడికి రెండూ బయటి భాషలే.

సొంత భాష మాట్లాడినా పరువు దక్కని రోజులవి. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే. ఇంగ్లీష్, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు సాఫీగా సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టారు. సభలో గోల, ఎగతాళి. రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది. అవమానపడ్డ కొద్దిమంది తెలుగువాళ్లు వెంటనే ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది, 1922లో, మన నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి పత్రిక' తెచ్చారు. నోరు తెరిస్తే నవ్వుతారేమో అన్న భయం మనకు ఇంగ్లీష్‌తో కొత్తగా వచ్చింది కాదు. అంతకుముందే తెలుగు మాట్లాడినందుకే నవ్వారు.

1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లీష్ మీడియం అయింది. ఉర్దూలో పదేళ్లు చదువుకున్న యువకుడు తెల్లారేసరికి "చదువు రానోడు" అయిపోయిండు. టీచర్ పోస్టులకు, ఆఫీసు పోస్టులకు ఇంగ్లీష్ వచ్చినవాళ్లు బయటి నుంచి వచ్చారు. ఆ మంట 1952 ముల్కీ ఆందోళనగా లేచింది. వరంగల్‌లో మొదలై హైదరాబాద్ చేరింది. సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ పిల్లల నినాదం గుర్తుందా? "నాన్ ముల్కీ గో బ్యాక్." ఇంగ్లీష్ రాలేదని ఉద్యోగం పోగొట్టుకున్నోళ్లు కోపాన్ని ఇంగ్లీష్‌లోనే అరిచారు. ఎవరూ గ్రామర్ చూసుకోలే. అవసరం పడ్డది, నోట్లోంచి వచ్చింది. నన్నడిగితే మన దిక్కు స్పోకెన్ ఇంగ్లీష్ మొదటి పాఠం అదే.

1958లో దేశం మొత్తానికి ఇంగ్లీష్ టీచర్లను తయారుచేసే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ హైదరాబాద్‌లోనే పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ అదే. మనకు రెండు గంటల దూరం. కానీ ఊరి బడిలో పాఠం మారలేదు. సార్ ఒక లైన్ చదువుతడు, తెలుగులో అర్థం చెప్తడు, మనం ప్రశ్నలు జవాబులు బట్టీ పడతం. పబ్లిక్ పరీక్ష రాతపరీక్ష. మాట్లాడితే మార్కు లేదు కాబట్టి మాట్లాడించే పీరియడ్ కూడా లేదు. ఆ ఖాళీలోకే బస్టాండ్ పుస్తకాల షాపులో ర్యాపిడెక్స్ వచ్చింది, కపిల్ దేవ్ ప్రచారంతో. తర్వాత అమీర్‌పేట కోచింగ్‌లు వచ్చాయి.

మరి ఉర్దూ మన నోట్లోకి ఎట్లా వచ్చింది? దవాఖాన, సడక్, దరఖాస్తు, పేషీ. ఇవి ఏ గ్రామర్ పుస్తకం చూసి నేర్చుకున్నం? బడి మొహం చూడని ముసలమ్మ కూడా అంటది. కచేరీకి పోవాలె, బజార్ల బేరం చేయాలె, తప్పులతోనే మాట్లాడింది. మనం "ఇస్కూల్" అంటే కొందరు నవ్వుతరు. ఉర్దూవాళ్లు కూడా అట్లనే అంటరు. అది వందేళ్ల సావాసం, తెలివి తక్కువై కాదు. ఇంటర్వ్యూలో "స్కూల్" అనాలంటే "స్" ఒక్కటే సాగదీసి తర్వాత "కూల్" కలపండి. రోజుకు ఇరవైసార్లు, పైకి వినపడేటట్టు.

2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. అప్పుడు ఇచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్. పిల్లల కోసం వేసినవే, కానీ మన వయసోళ్లకు ఇంతకంటే చవకైన స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు నాకు కనపడలే. ఇంట్ల తమ్ముడిదో చెల్లెదో సోషల్ పుస్తకం తీయండి. ఇంగ్లీష్ పేజీ మీద చెయ్యి పెట్టి మూయండి. తెలుగు లైన్ చదివి, ఇంగ్లీష్‌లో మీకు వచ్చినట్టు పైకి చెప్పి, ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత చెయ్యి తీసి చూడండి. ఇయ్యాల ఒక్క పేజీ చాలు.