పులివెందుల రాతి వయస్సు – ప్రోగ్రాము నేర్పిన పాఠము

జమ్మలమడుగు నుండి గండికోటకు పోయిన విద్యార్థులు పెన్నానది గండిలో పొరలు పొరలుగా పేర్చినట్లున్న ఎఱ్ఱరాళ్లను చూచియుందురు. ఈ కడప శిలాశ్రేణిని పరిశీలించి విలియం కింగ్ 1872లో ఒక గ్రంథము ప్రకటించెను. ఏ పొరపై ఏ పొర కలదో ఆయన వివరించెను. అవి ఎన్నేండ్ల నాటివో చెప్పుటకు మాత్రము ఆనాడు సాధనము లేదు.

1896లో రేడియో ధార్మికత కనుగొనబడిన పిదప ఆ సాధనము సమకూడినది. రుబీడియము-87 పరమాణువులు మెల్లమెల్లగా స్ట్రాన్షియము-87గా మారుచుండును. రాతిలో వీని పాళ్లు కొలిచి, మార్పు వేగమును తెలుపు క్షయ స్థిరాంకముతో లెక్కించినచో వయస్సు తేలును. పులివెందుల వద్ద పొరల నడుమ చొచ్చుకొనిపోయి గట్టిపడిన అగ్నిశిల కలదు. అది చొచ్చిన పొరలు దానికంటె పాతవే కావలెను గదా! రుబీడియము పద్ధతిని 1995లో దాని వయస్సు 181.7 కోట్ల సంవత్సరములని తేలినది. యురేనియము–సీసము పద్ధతిని 2008లో 188.5 కోట్లని తేలినది. ఈ తేడా రాతిలో ఉన్నదా, లెక్కలో ఉన్నదా?

ఇట్టి లెక్కలను నేడు కంప్యూటరు ప్రోగ్రాములే చేయుచున్నవి. ప్రోగ్రామనగా యంత్రము వరుసగా చేయవలసిన పనుల పట్టిక. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ తొలినాళ్లలో వ్రాసిన ఒక ప్రోగ్రాము 126 వరుసలే. అందు దొరలిన తప్పులు ఇంచుమించు ఇరువది! యంత్రము చెప్పినది చెప్పినట్లే చేసినది. 1951లో ఆయన, వీలర్, గిల్ కలిసి వెలువరించిన పుస్తకము, పరీక్షించిన చిన్న ప్రోగ్రాములను భద్రపరచి మరల మరల వాడుకొను పద్ధతిని నేర్పినది.

నాటి నుండి స్థిరపడిన నియమములు కొన్ని కలవు. కొలిచిన అంకెలను దిద్దక వేరుగా దాచవలెను. స్థిరాంకమును సూత్రములో పాతిపెట్టక, పేరు పెట్టి పైన వ్రాయవలెను. ప్రోగ్రామును మార్చినప్పుడు పాత ప్రతిని తేదీతో ఉంచవలెను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లను తలచుకొనుడు. గీటురాయిపై పరీక్షించువాడు నాణ్యము తెలిసిన బంగారమును కూడ గీచి పోల్చి చూచును. అట్లే జవాబు ముందే తెలిసిన లెక్కను ఇచ్చి ప్రోగ్రామును పరీక్షింపవలెను.

ఈ నియమముల విలువ 2015లో తెలిసివచ్చినది. 1977 నుండి వాడుకలోనున్న రుబీడియము స్థిరాంకము 1.42 × 10⁻¹¹. దానిని 1.3972 × 10⁻¹¹గా సవరింపవలెనని అంతర్జాతీయ సంఘములు సిఫారసు చేసినవి. పేరు పెట్టి వ్రాసిన ప్రోగ్రాములో ఒక్క అంకె మార్చినచో చాలును. సూత్రములలో చెల్లాచెదరుగా ఉన్నచో ఎక్కడో ఒకచోట పాతదే మిగిలిపోవును.

వయస్సు స్థిరాంకమునకు విలోమానుపాతములో ఉండును. కావున 181.7ను 1.42తో గుణించి 1.3972తో భాగింపుడు. 184.7 వచ్చును. 6.8 కోట్ల తేడా 3.8 కోట్లకు తగ్గినది. తగ్గిన మూడు కోట్లు లెక్కలోనివి. మిగిలినదానికి కారణమును రాతిలోనే వెదుకవలెను; తరువాతి కాలపు వేడిమికి, నీటికి రుబీడియము, స్ట్రాన్షియము కదలిపోవుట కలదు.

లెక్క శుభ్రముగా ఉన్నప్పుడే ప్రకృతి చెప్పు మాట వినబడును. ఉపాధ్యాయులు ఈ చిన్న లెక్కను తరగతిలో చేయించవచ్చును.